ఎలీసబెతు వంతు

"ఒక్క మాట తప్పు చెప్తే నీ నాలుకేమన్న తెగి కిందవడుతదా?"

బక్కయ్య ఈ మాట మొదట బతిమాలుతూ అన్నాడు, తర్వాత కోప్పడుతూ అన్నాడు. ఇప్పుడు రెండూ కలిపి అన్నాడు.

ఎలీసబెతు గోడకు ఆనుకొని, కాలి బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడింది. ఆ మొండితనం తల్లి పోలికని బక్కయ్య నమ్మకం. తల్లి రిబ్కమ్మ పొయ్యి దగ్గర కూర్చొని, ఆరిపోయిన పిడక మీద ఊదుతూనే ఉంది.

వాకిట్లో నులకమంచం మీద రామచంద్రం సార్ ఉన్నాడు. ఒక బడిపంతులు ఊరవతల కిరస్తానం పుచ్చుకున్నవాళ్ళ మిషన్ వాడలోకి నడిచొచ్చి, మంచం మీద కూర్చొని, మంచినీళ్ళు అడిగి తాగడం రేగులపల్లె పుట్టాక ఇదే మొదలు. తడక సందుల్లోంచి వాడ పిల్లలంతా కళ్ళు పెట్టి చూస్తున్నారు. వేరే రోజైతే రిబ్కమ్మ ఈ సంబరానికి ఇల్లంతా అలికి, నలుగురినీ పిలిచి చూపించేది. ఈ రోజు ఆమె చెంబు చేతికిచ్చి మొహం తిప్పుకుంది. సార్ ఎందుకొచ్చాడో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"బక్కయ్య గారూ, నా మాట వినండి" అన్నాడు రామచంద్రం సార్.

గారూ అంటే ఎవరా అని బక్కయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. వెనక కోళ్ళగూడు తప్ప ఏమీ లేదు.

"రేపు శనివారం. పటేల్ గారు బడికి వస్తారు. నేను అమ్మాయిని 'టీచ్' అని అడుగుతాను. తను 'టీచ్డ్' అంటుంది. దశరథం సరైన మాట చెబుతాడు. చెప్పి, లాంఛనానికి ఒకటి వేస్తాడు. మెల్లిగానే. నేను వాడికి గట్టిగా చెప్పాను. అంతటితో గొడవ ముగిసిపోతుంది. బడి నియమం నియమంగానే ఉంటుంది, మీ పొలం మీకు ఉంటుంది."

"నాకు వచ్చు గదా సార్ గది" అంది ఎలీసబెతు.

"నీకు వచ్చని నాకు తెలుసమ్మా."

"మరి తప్పెట్ల చెప్పుమంటున్నరు?"

రామచంద్రం సార్ కళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

గొడవంతా పోయిన శనివారం మొదలైంది. శనివారం ఒంటిపూట బడి. ఏడో తరగతి పిల్లలు గోడ పొడుగునా వరుసగా నిలబడతారు. సార్ ఇంగ్లీషు మాట ఒకటి అంటాడు, దాని జరిగిపోయిన రూపం పిల్లలు చెప్పాలి. ఇంగ్లీషువాళ్ళు ఈ విషయంలో ఒక పద్ధతీ పాడూ పెట్టుకోలేదు. 'వాక్'కు 'వాక్డ్' అంటే ఒప్పుకుంటారు, 'గో'కు 'గోడ్' అంటే ఒప్పుకోరు, 'వెంట్' అనాలట. ఎందుకని అడిగితే చెప్పే దిక్కు లేదు, బట్టీ కొట్టాల్సిందే. చెప్పలేనివాడు నిలబడే ఉంటాడు. చెప్పినవాడు వెళ్ళి, ఎడమచేత్తో వాడి ముక్కు పట్టుకొని, కుడిచేత్తో చెంప మీద ఒకటిస్తాడు. ఈ రివాజు ఎవరు పెట్టారో గానీ, పిల్లలకు మాత్రం చదువు మొత్తంలో ఇదొక్కటే ఇష్టం.

ఎలీసబెతు బడిలో చేరినప్పటి నుంచి ఆ రివాజుకు చిన్న సవరణ పడింది. ఆమె సరిగ్గా చెబితే పాత సార్ శాబాష్ అని మెచ్చుకొని, చెప్పలేని పిల్లలకు తానే రూళ్ళకర్రతో అరచేతిలో తగిలించేవాడు. మిషన్ వాడ పిల్ల చెయ్యి పటేళ్ళ పిల్లల ముక్కుకు తగలకూడదు గదా. ఈ సవరణ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, చెప్పుకోలేదు, అందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్కడే. ఆంధ్రప్రదేశ్ అయినాక కృష్ణాజిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, ఇంకా నెల తిరగని రామచంద్రం సార్.

ఆయన ఆ రోజు 'బ్రింగ్' అన్నాడు. హనుమండ్లు పటేల్ కొడుకు దశరథం 'బ్రింగ్డ్' అన్నాడు. పక్కవాడూ అదే అన్నాడు. వాడి పక్కవాడికి ఇంకో మాట ఉందేమోనన్న అనుమానం కూడా రాలేదు. వరుస చివరిదాకా అదే పాట. ఆడపిల్లల వైపు నుంచి ఎలీసబెతు 'బ్రాట్' అంది.

"వెరీ గుడ్. వెళ్ళు, అందరికీ వడ్డించు" అన్నాడు సార్.

తరగతి మొత్తం ఊపిరి బిగబట్టింది. ఎలీసబెతు కొంచెం ఆగింది. ఆగి, వెళ్ళింది. వరుసలో ఒక్కడినీ వదల్లేదు. దశరథానికి కాస్త గట్టిగానే పడింది. చెయ్యి జారి కాదు, కావాలనే వేశానని ఆమె ఇంటికొచ్చి తల్లితో చెప్పింది కూడా.

సాయంత్రానికల్లా కబురు ఊరంతా తిరిగి పటేల్ గడపకు చేరింది. బక్కయ్య పంటలో పాలుకు దున్నుతున్న మడి హనుమండ్లు పటేల్‌ది. నారు పీకి నాట్లు వేసే అదనిది. విషయం తేలేదాకా మడిలో కాలు పెట్టొద్దని పటేల్ మనిషిని పంపాడు. వారం నుంచి బక్కయ్య గట్టు మీద నిలబడి నారును చూసి వస్తున్నాడు.

"సార్, ఊకెనే కొట్టుమనుండ్రి" అంది ఎలీసబెతు. "నేను నిలవడుత. ముక్కు సుత వట్టుకొమ్మనుండ్రి. తప్పు మాత్రం చెప్ప."

"ఊరికే కొడితే నేరమవుతుందమ్మా. అంటరానితనం మీద చట్టం వచ్చి నాలుగేళ్ళయింది. పటేల్ గారికి ఆ సంగతి తెలుసు. అందుకే బడి రివాజు ప్రకారం జరగాలంటున్నారు."

"అంటే, నేను తప్పు చెప్తే గాయన కొట్టిచ్చుడు ఒప్పయితదా?"

రామచంద్రం సార్ ఖాళీ చెంబు మంచం కింద పెట్టాడు. ఆయన ఉంటున్నది పటేల్ ఇంటి మేడమీద గదిలో. తింటున్నది పటేల్ ఇంటి కూడు. మంచి మనిషే. మంచితనానికి కాస్త వెన్నెముక కూడా ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

"రేపు పొద్దున్న కలుద్దాం" అని లేచి, తడక దాటుకొని వెళ్ళిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు ఆగాక బక్కయ్య గొంతు లేచింది.

"అంత పెద్దసారు ఇంటికొచ్చి చెప్పిండు. ఇంకేం గావాలె నీకు? నేను పుట్టకముందుకెల్లి మా బాపు గా మడి దున్నిండు. నారు చూస్తే జానెడు దాటి పెరిగింది. ఇంక నాలుగొద్దులైతే ముదురుతది. ముదురునారు నాటితే ఏమొస్తది? గడ్డి వస్తది. గడ్డి తింటవా?"

"తప్పు చెప్తే పటేల్ మడి ఇస్తడని నీకెట్ల ఎరిక?"

"మాటిచ్చిండు."

"ఎవలకిచ్చిండు?"

"సారుకిచ్చిండు. సారు నాకు చెప్పిండు."

రిబ్కమ్మ అప్పటికి పిడక మీద ఊదడం మానింది. "నాకు అక్షరం ముక్క రాదు" అంది, పొయ్యి వైపే చూస్తూ. "గని గామె చెప్పేటియి నాకు వచ్చు. టీచ్ టాట్ టాట్, బ్రింగ్ బ్రాట్ బ్రాట్. పోయిన నాట్లప్పుడు మడిల వంగి గివే పాడింది. పాట బాగుందని నాటేసే ఆడోళ్ళందరు అందుకున్నరు. పక్కింటి కిష్టవ్వకు సుత వచ్చు. గిప్పుడు గీమెకు రాదంటే కిష్టవ్వ నవ్వుతది."

"నవ్వనియ్యి! నవ్వుతోటి కడుపు మాడదు."

"నేను నవ్వుతదన్న, అంతే. ఇంకేమనలే."

"నువ్వు ఏమనకు. నువ్వు ఏమనకుంటనే గీమెను గిట్ల తయారు జేసినవ్. బడికి ఎందుకు పంపిన్నో నేను!"

"నువ్వు పంపలే బాపు, అవ్వ పంపింది" అంది ఎలీసబెతు.

నిజమే. నిజం కాబట్టే బక్కయ్యకు ఒళ్ళు మండింది. చెయ్యి లేచింది. ఎలీసబెతు కదల్లేదు, కళ్ళు కూడా మూసుకోలేదు. ఆ చెయ్యి కొంతసేపు గాలిలోనే ఉండి, ఏం చేయాలో తోచక నెత్తి రుమాలు మీదికి పోయింది. రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"చెప్పు బిడ్డా" అన్నాడు, గొంతు తగ్గించి. "నీకెందుకింత పట్టింపు? ఇంగ్లీషోడు పాయె. నిజాం పాయె. గా మాటలు ఎట్లన్న ఉండనియ్యి, మనకేంది?"

పద్నాలుగేళ్ళ పిల్లకు లోపల ఉన్నదంతా మాటల్లో పెట్టడం అంత తేలిక కాదు. ఎలీసబెతు మట్టి గీకడం ఆపి, తల ఎత్తింది.

"ఊకె కొడితే, బలముండి కొట్టిండ్రు అంటరు బాపు. తప్పు చెప్పి దెబ్బ తింటే, నాకు రాక తిన్ననంటరు. నా ఎనుక మన వాడ పిల్లలు ఎందరు బడికి పోయినా గదే అంటరు. వీళ్ళకేమొస్తది, అప్పుడు బక్కయ్య బిడ్డకు సుత రాలే అంటరు. దెబ్బ ఒక్కనాడు నొస్తది. గా మాట నొచ్చుకుంటనే ఉంటది."

రిబ్కమ్మ పొయ్యి వెలిగించింది. జొన్నరొట్టె కాల్చే వాసన ఇల్లంతా పరుచుకుంది. ముగ్గురూ తిన్నారు. ఎవరూ ఉప్పు అడగలేదు, పచ్చిమిరపకాయ అడగలేదు. తినడం అయ్యాక కడుక్కోవడానికి లేస్తూ బక్కయ్య అన్నాడు:

"రేపు నన్ను సుత రమ్మన్నడు పటేల్. బయట నిలవడి ఇనాల్నట. నా మడి ఇప్పుడు నీ నోట్లె ఉన్నది బిడ్డా. అంతే, ఇంకేం చెప్ప."

కొట్టినా ఎలీసబెతుకు ఇంత బాధ కలిగేది కాదు.

పొద్దున్నే ముసురు పట్టింది. రిబ్కమ్మ కూతురిని ముందు కూర్చోబెట్టుకొని తలకు నూనె పట్టించింది. జడ ఎంత బిగించిందంటే ఎలీసబెతు కనుబొమ్మలు పైకి లేచాయి. మిగిలిన నూనె చేతులను కూతురి చెంపలకు రెండువైపులా రాసింది.

"గదెందుకవ్వా?"

"దెబ్బ జారిపోతదని."

ఇద్దరికీ నవ్వొచ్చింది. రిబ్కమ్మదే ముందు ఆగిపోయింది.

"అవ్వా, నన్నేం చెప్పుమంటవు?"

"నన్నడుగకు" అంది రిబ్కమ్మ. "మీ బాపు దిక్కు జూస్తే మడి గుర్తొస్తది. నీ దిక్కు జూస్తే ఇంకోటి గుర్తొస్తది. నేను చేనుకు పోయి గడ్డి కోసుకొస్త. మీరిద్దరు పోయి తేల్చుకొండ్రి."

కొడవలి, తాడు తీసుకొని, గోనెపట్టా నెత్తిన కప్పుకొని ఆమె వానలోకి వెళ్ళిపోయింది. వెనక్కి మాత్రం చూడలేదు.

బడిలో ఏడో తరగతి గది అప్పటికే నిండిపోయింది. ఎప్పుడూ శనివారం ఎగ్గొట్టేవాళ్ళు కూడా ఈ రోజు ముందే వచ్చి కూర్చున్నారు. సార్ కుర్చీలో హనుమండ్లు పటేల్ కూర్చున్నాడు. తెల్ల రుమాలు, చేతిలో గొడుగు. సార్ పక్కన నిలబడి ఉన్నాడు. బయట చూరు కింద బక్కయ్య, సగం తడుస్తూ సగం తడవకుండా నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని ఆయనా అనలేదు.

"కానియ్యి సారూ" అన్నాడు పటేల్. "నేను హుజూరాబాద్ పోవాలె. పోరగాండ్లు ఏం నేర్సిండ్రో జర నేను సుత జూస్త."

రామచంద్రం సార్ ముందు ఒక పిల్లవాడిని 'రైట్' అడిగాడు. వాడు 'రోట్' అన్నాడు. "శాబాష్!" అన్నాడు పటేల్. ఇంకొకడిని 'ఈట్' అడిగాడు. వాడు 'ఈటెడ్' అన్నాడు. "శాబాష్!" అన్నాడు పటేల్ అంతే ఉత్సాహంగా. పిల్లలు నవ్వు మింగారు.

"ఎలీసబెతూ."

ఆమె లేచి వరుసలో నిలబడింది. ఎదురుగా దశరథం ఉన్నాడు. వాడికి కొత్త అంగీ తొడిగారు. చెంపదెబ్బ కొట్టడానికి కొత్త అంగీ ఎందుకో వాడికీ తెలియదు.

"టీచ్" అన్నాడు సార్. ఆ మాట ఆయన గొంతులోంచి సరిగ్గా రాలేదు కూడా.

ఎలీసబెతు కిటికీలోంచి చూసింది. బక్కయ్య నేల చూపులు చూస్తున్నాడు. చూరు నీళ్ళు ఆయన భుజం మీద పడుతున్నాయి, పక్కకు జరగాలన్న ధ్యాస కూడా లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఈ ఒక్క మాట మింగేసి, బాపు చెయ్యి పట్టుకొని మడి దగ్గరికి పరుగెత్తాలనిపించింది. 'టీచ్డ్' అనడం ఎంతసేపు? నాలుక కొసన అది తయారుగానే ఉంది.

"టాట్" అంది.

గది గదంతా ఒక్కసారి కదిలింది.

"ఏమిటమ్మా? సరిగ్గా వినపడలేదు" అన్నాడు రామచంద్రం సార్. ఆయన కళ్ళు ప్రాధేయపడుతున్నాయి. "తొందరేం లేదు. ఆలోచించుకొని చెప్పు."

"ఆలోచిచ్చే చెప్పిన సార్. టాట్. టీచ్, టాట్, టాట్."

పటేల్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏమాయె సారూ? తప్పేనా?"

రామచంద్రం సార్ గోడ మీద బొగ్గుతో గీసిన దేశపటం వైపు చూశాడు. కృష్ణాజిల్లా అక్కడి నుంచి చాలా దూరంలో ఉంది.

"తప్పే" అన్నాడు.

పటేల్ ఏమైనా చేస్తాడని ఎలీసబెతు అనుకుంది, ఈ ఒక్కటి మాత్రం అనుకోలేదు. తప్పు చెప్పమని బతిమాలిన మనిషి, ఒప్పునే తప్పంటాడని ఆమెకు తోచనే లేదు.

"దశరథం, నువ్వు చెప్పు" అన్నాడు సార్, గబగబా.

దశరథానికి వారం నుంచి మేడమీద గదిలో కూర్చోబెట్టి వల్లెవేయించిన మాట ఒక్కటే. కలలో అడిగినా చెబుతాడు. కాళ్ళు దగ్గరపెట్టి, ఛాతీ విరిచి, చూరు ఎగిరిపోయేలా అరిచాడు:

"టాట్!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. హనుమండ్లు పటేల్‌కు ఇంగ్లీషు రాదు గానీ చెవులు మంచివే.

"గదేందిరా? గా పిల్ల అన్నది సుత గదే గదా?"

"అవు బాపు" అన్నాడు దశరథం, మెచ్చుకుంటారన్న ఆశతో. "గదే ఒప్పు. సారే నేర్పిండు."

ఇక ఆ నవ్వును ఎవరాపగలరు? మింగినవాళ్ళ గొంతుల్లోంచి కూడా బయటికొచ్చేసింది. రామచంద్రం సార్ చెవులు ఎర్రబడ్డాయి.

"బంద్ చెయ్యిండ్రి!" పటేల్ గొడుగుతో నేల మీద కొట్టాడు. నవ్వు ఆగిపోయింది. "తప్పయితేంది, ఒప్పయితేంది. దశరథం, ముక్కు వట్టు. కొట్టు."

రివాజు ముసుగు జారిపోయింది. ఇప్పుడది వట్టి దెబ్బ. దశరథం రెండడుగులు వేసి ఎలీసబెతు ముందు ఆగాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకొని మొహం ముందుకు పెట్టింది.

"కొట్టు దశరథం. నేను వద్దంటలేను. ఏ తప్పు జేసిన్నని కొడుతున్నవో మీ బాపు నడిగి, అందరికి ఇనవడేటట్టు చెప్పి కొట్టు."

వాడు చెయ్యి ఎత్తాడు. ఎత్తి, తండ్రి వైపు తిరిగాడు.

"ఏమని చెప్పాలె బాపు?"

చెప్పాల్సిన కారణం హనుమండ్లు పటేల్‌కు తెలుసు, గదిలో అందరికీ తెలుసు. దాన్ని పైకి అన్నవాడే కోర్టు మెట్లెక్కాలి. దశరథం చెయ్యి నొప్పి పుట్టి కిందికి దిగిపోయింది.

"అరే బక్కయ్యా! లోపటికి రా!" అని కేకేశాడు పటేల్.

ఆ బడి కప్పుకు వాసాలు మోసింది బక్కయ్యే. కట్టడం అయ్యాక గడప దాటడం ఇదే మొదటిసారి. తడికాళ్ళ ముద్రలు గచ్చు మీద పడుతుంటే వాటినే చూసుకుంటూ వచ్చాడు.

"నారు ముదురుతున్నది" అన్నాడు పటేల్, ఇప్పుడు మెత్తగా. "నీ బిడ్డతోటి 'తప్పు నాదే' అనిపియ్యి. చాలు. గిప్పుడే పోయి నారు పీక్కో. నేను అడ్డం రాను."

పటేల్ దెబ్బకు ఎలీసబెతు భయపడలేదు, సార్ అబద్ధానికి కూడా పడిపోలేదు. బాపు ఇప్పుడు ఇందరి ముందు చేతులు జోడిస్తే మాత్రం తను తట్టుకోలేదు. 'టీచ్డ్' అనేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే బాపు మొహం వైపు చూడలేకపోయింది.

బక్కయ్య కూతురి దగ్గర ఆగలేదు. ఆమెను దాటి రామచంద్రం సార్ ముందుకు వెళ్ళాడు.

"సార్. నాకు సదువు రాదు. జర నా మొఖం జూసి చెప్పుండ్రి. నా బిడ్డ చెప్పింది తప్పా, ఒప్పా?"

సార్ నేల చూశాడు. వాన చప్పుడు పెద్దదైంది. సార్ ఎంతకీ తల ఎత్తకపోయేసరికి పటేల్‌కే విసుగొచ్చి గొడుగు చేయి మార్చుకున్నాడు.

"సరే సార్" అన్నాడు బక్కయ్య. "నాకు సమజైంది. తప్పయితే మీరు గింతసేపు నేల జూడరు."

పటేల్ వైపు తిరిగాడు.

"పటేలా, నీ నారు నువ్వే పీక్కో."

"ఏమన్నవ్?"

"నీ నారు నువ్వే పీక్కో అన్న. నా బిడ్డ తప్పు చెప్పది. గామెకు వచ్చు."

ఎలీసబెతు అప్పుడు చూసింది బాపు మొహం. రుమాలు జారిపోయి నెరిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ఇంత అందంగా ఆయన ఎన్నడూ కనబడలేదు ఆమెకు.

పటేల్ లేచాడు. "మంచిది. ఒక్క నీ మడేనా? మీ వాడల ఎవ్వనికి పాలు దొరుకుతదో జూస్త. సారూ, నువ్వు సుత మేడమీద గది ఖాళీ చెయ్యి. నాకు అక్కరున్నది." దశరథాన్ని రెక్క పట్టుకొని బయటికి నడిచాడు.

రామచంద్రం సార్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎలీసబెతు దగ్గరికి వచ్చి, కొంచెం వంగి నిలబడ్డాడు.

"తప్పు చెప్పింది నేనమ్మా. రివాజు ప్రకారం వంతు నీది."

పిల్లలు నోళ్ళు తెరిచారు. ఎలీసబెతు ఆయన ముక్కు మీద అద్దాలు పెట్టిన గుంటల వైపు చూసింది. జాలి వేసింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"మీ చెంప నాకెందుకు సార్? పటేల్ ఇంకా అరుగు దిగలే. గాయనకు ఇనవడేటట్టు చెప్పుండ్రి, నేను ఒప్పు చెప్పిన్నని."

రామచంద్రం సార్ కళ్ళద్దాలు లేకుండానే, తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. "పటేల్ గారూ!" అని పిలిచాడు. అరుగు మీద గొడుగు విప్పుతున్న పటేల్ తిరిగి చూశాడు.

సార్ తర్వాతి మాట అనేలోగా బడి వాకిట్లోకి రిబ్కమ్మ పరుగెత్తుకొచ్చింది. గోనెపట్టా ఎక్కడో పడిపోయింది. చేతిలో కొడవలి ఉంది, గడ్డి లేదు.

"ఏమయ్యో! మన నారు పీకుతున్నరు!" ఆమెకు ఊపిరి అందడం లేదు. "పొద్దు పొడవకముందుకెల్లి పీకుతున్నరట. సగం మడి అయిపోయింది. గా మడి లచ్చయ్యకు ఇచ్చిండట పాలుకు. నిన్ననే ఇచ్చిండట!"

బక్కయ్య భార్యను చూశాడు, తర్వాత పటేల్‌ను చూశాడు.

"నిన్ననే ఇచ్చినవా?" అంది ఎలీసబెతు, గుమ్మంలోకి వచ్చి. "గట్లయితే నేను తప్పు చెప్పినా గూడ..."

"చెప్పకపోతివి గదా" అన్నాడు హనుమండ్లు పటేల్, నవ్వి.

"ఒప్పు!" అని కేక పెట్టాడు రామచంద్రం సార్. ఆ కేకకు పక్క తరగతి పిల్లలు కూడా బయటికొచ్చారు. "ఆ అమ్మాయి చెప్పింది ఒప్పు! అబద్ధం చెప్పింది నేను! చెప్పించింది మీరు! ఎవరడిగినా, ఎక్కడడిగినా ఇదే చెబుతాను!"

పటేల్ వినిపించుకోనట్టు అరుగు దిగి, కొడుకును గొడుగులోకి లాక్కొని, వానలో నడవసాగాడు. దశరథం మాత్రం వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్ళాడు.

బక్కయ్య రుమాలు తీసి గట్టిగా పిండి, మళ్ళీ నెత్తికి చుట్టుకున్నాడు. అరుగు దిగాడు.

"ఆగు పటేలా" అన్నాడు.

బక్కయ్య నోట ఈ మాట రేగులపల్లెలో ఎవరూ ఇంతవరకు వినలేదు. హనుమండ్లు పటేల్ ఇంకో రెండడుగులు వేసి, ఆగాడు.